అక్కకు నేను పెట్టిన పరీక్ష



ఈసారి నేను ఇంగ్లీషు మాట్లాడటం, రాయడం గురించి రాస్తున్నాను. మనలో చాలామందికి ఇంగ్లీషు అంటే భయం. పాఠం చదవమంటే చదువుతాం. ప్రశ్నకు జవాబు బట్టీ పట్టమంటే పడతాం. కానీ లేచి నిలబడి సొంతంగా రెండు మాటలు మాట్లాడమంటే తల వంచుకుంటాం. సొంతంగా పది లైన్లు రాయమంటే పెన్ను కొరుకుతూ కూచుంటాం. పోయిన వేసవి సెలవుల్లో నేను దగ్గరుండి చూసిన సంగతి చెబితే మీకు కూడా పనికొస్తుందని అనుకుంటున్నాను.

మా పెద్దనాన్న కూతురు, అంటే మా అక్క, మనలాగే గురుకులంలో చదువుకుంది. తర్వాత బీఎస్సీ నర్సింగ్ పాసయింది. మా ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలంలో ఉంది. మా గూడెంలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల అక్కే. వానాకాలం వస్తే మా గూడేల్లో జ్వరాలు ఎక్కువ. జ్వరం వచ్చాక మందు ఇవ్వడం కంటే జ్వరం రాకుండా చూడటం పెద్ద పని అని అక్క అంటుంది. దాన్ని ప్రజారోగ్యం అంటారట. ఆ చదువు ఇంగ్లాండు పోయి చదవాలని అక్కకు కోరిక.

మా ఇంట్లో అంత డబ్బు ఎక్కడిది? కానీ గిరిజన విద్యార్థులు విదేశాల్లో పీజీ చదవడానికి మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి అనే పథకం ఉంది. దానికి డిగ్రీ మార్కులు చూస్తారు, ఇంగ్లీషు పరీక్షలో వచ్చిన స్కోరు కూడా చూస్తారు. అక్క చేరాలనుకున్న యూనివర్సిటీ వాళ్లు కూడా ఆ స్కోరు అడిగారు.

ఆ పరీక్ష పేరు ఐఈఎల్‌టీఎస్. అందరూ ఐల్ట్స్ అని పిలుస్తారు. అందులో నాలుగు భాగాలు ఉంటాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం. పాస్, ఫెయిల్ ఉండవు. ఒక్కోదానికి 9 వరకు బ్యాండ్ వేస్తారు. నాలుగూ కలిపి సగటు తీస్తారు. అక్కకు మొత్తం మీద 6.5 రావాలి, ఏ ఒక్క భాగంలోనూ 6 కంటే తగ్గకూడదు.

2025 ఫిబ్రవరిలో అక్క మొదటిసారి రాసింది. వినడంలో 6.5, చదవడంలో 6 వచ్చాయి. రాయడంలో 5.5, మాట్లాడటంలో కూడా 5.5. మొత్తం 6. అంటే సరిపోలేదు. ఒక్క భాగం మాత్రమే తగ్గితే ఆ ఒక్కటి మళ్లీ రాసే వీలు 2023 నుంచి వచ్చిందట. అక్కకు తగ్గినవి రెండు. కాబట్టి మొత్తం మళ్లీ రాయాల్సిందే.

మళ్లీ అంటే మళ్లీ ఫీజు. దగ్గర దగ్గర పదిహేడు, పద్దెనిమిది వేలు. నేను లెక్క వేశాను. మా దగ్గర తునికాకు కట్టకు యాభై ఆకులు. అప్పుడు కట్టకు మూడు రూపాయలు ఇచ్చేవాళ్లు. పద్దెనిమిది వేలు కావాలంటే 6,000 కట్టలు కట్టాలి. అంటే మూడు లక్షల ఆకులు. మా అమ్మ రోజుకు వంద కట్టలు కట్టినా అరవై రోజులు పడుతుంది. మా దగ్గర తునికాకు పని నెల రోజులు కూడా సాగదు. అందుకే పెద్దనాన్న రెండు మేకలు అమ్మాడు. "ఇంకొక్కసారి రాయి. ఆ తర్వాత నేను పెట్టలేను. సంబంధం చూస్తా" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు. అక్క ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పుస్తకాల సంచి తీసుకొని మా ఇంటికి వచ్చింది. మా ఇల్లు గూడెం చివర ఉంటుంది కాబట్టి అక్కడ చప్పుడు తక్కువ.

మే నెల మొత్తం అక్కకు నేనే పరీక్ష పెట్టాను. నాకు అంత ఇంగ్లీషు వచ్చా అని మీరు అడగొచ్చు. రాదు. కానీ ప్రశ్న చదవడం వచ్చు, గడియారం చూడటం వచ్చు, లెక్కపెట్టడం వచ్చు. ఆ మూడూ చాలని అక్క అన్నది.

మాట్లాడే పరీక్ష

ఇది 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి కూచుని అడుగుతారు. మన మాట రికార్డు చేస్తారు. మూడు భాగాలు. మొదట నీ ఊరు, నీ చదువు, నీ అలవాట్లు అడుగుతారు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకొని ఆ సంగతి మీద రెండు నిమిషాల దాకా ఆగకుండా మాట్లాడాలి. మూడోసారి దాని గురించే కొంచెం లోతైన ప్రశ్నలు వేస్తారు.

మొదటిసారి పరీక్షకు ముందు అక్క హైదరాబాదులో ఒక కోచింగ్ సెంటరుకు పోయింది. అక్కడ కార్డులకు జవాబులు ప్రింటు చేసి ఇచ్చారు. నీళ్ల దగ్గర ఉన్న ఒక చోటు గురించి చెప్పమంటే గోవా బీచ్ గురించి చెప్పాలని రాసి ఉంది. అక్క గోవా ఎప్పుడూ చూడలేదు. సముద్రమే చూడలేదు. పరీక్షలో ఆ కార్డే వచ్చిందట. బట్టీ పట్టింది గబగబా చెప్పేసింది. ఆ తర్వాత ఆమె, "అక్కడికి ఎట్లా పోయారు? ఎవరితో పోయారు?" అని అడిగితే అక్కకు నోరు రాలేదు. బట్టీ పట్టిన జవాబును వాళ్లు ఇట్టే పసిగడతారట. దానికి మార్కులు రావు.

ఆ గోవా జవాబును అక్క మా ఇంటి అరుగు మీద మళ్లీ చెప్పి చూపించింది. మా అవ్వ ఇప్పపువ్వు ఎండబోస్తూ విన్నది. అవ్వకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కొంచెమే వచ్చు. "ఏం చెప్తోంది?" అని నన్ను కోయలో అడిగింది. చూడని ఊరి గురించి చెప్తోందని అన్నాను. అవ్వ నవ్వి, "చూడనిది చెప్తే నోరు తడబడక ఏం చేసిద్ది? మన వాగు గురించి చెప్పమను" అన్నది.

అక్క అప్పుడే ఆ ప్రింటు కాగితాలన్నీ పక్కన పెట్టింది. ఇద్దరం కూచుని మా సొంత సంగతులు పది రాసుకున్నాం. తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకొని ఇప్పపువ్వు ఏరడం. వాగు పొంగి రెండు రోజులు ఊరు కదలకపోవడం. అక్క మొదటి రాత్రి డ్యూటీ. అవ్వ దగ్గర బుట్ట అల్లడం నేర్చుకోవడం. భద్రాచలం సంతలో బేరం. ఏ కార్డు వచ్చినా ఈ పదింటిలో ఏదో ఒకటి దానికి దగ్గరగా ఉంటుంది. సంగతి తెలిసిందే కాబట్టి మాటలు వెతుక్కుంటే చాలు. సంగతినీ మాటలనూ ఒకేసారి వెతుక్కునే బాధ ఉండదు.

ఇక నా పని. ఒక పళ్లెం పెట్టుకున్నాను. పక్కన చింతగింజలు. అక్క మాట్లాడుతూ "అ... అ..." అని ఆగినప్పుడల్లా ఒక గింజ పళ్లెంలో వేసేదాన్ని. టక్కుమని మోగేది. మొదటి రోజు రెండు నిమిషాలకు 31 గింజలు పడ్డాయి. అక్కకు కోపం వచ్చింది. "నువ్వు కావాలనే వేస్తున్నావు" అన్నది. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాం. విన్నాక ఏమీ అనలేదు. మర్నాడు అదే సంగతి మళ్లీ చెప్పింది. 22. మూడో రోజు మళ్లీ అదే. 15. ఒకే సంగతిని మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ వేరే మాటలతో చెప్పాలని అక్క పెట్టుకున్న నియమం. అప్పుడు అది బట్టీ కాదు, అలవాటు అవుతుంది. నెలాఖరుకు కొత్త కార్డు ఇచ్చినా ఏడెనిమిది గింజలు దాటేవి కావు.

పొట్టి జవాబులు కూడా అక్కకు ఒక కష్టం. "మీ ఊరు మీకు ఇష్టమా?" అంటే "యెస్, ఐ లైక్ మై విలేజ్" అని ఆపేసేది. మనం కూడా అంతే కదా. దానికి అక్క ఒక లెక్క పెట్టుకుంది. జవాబు చెప్పాలి. "బికాజ్" అని కారణం చెప్పాలి. "ఫర్ ఎగ్జాంపుల్" అని ఒక ఉదాహరణ చెప్పాలి. అప్పుడు ఒక మాట నాలుగు మాటలవుతుంది. నేను వేళ్లు చూపించేదాన్ని. మూడు వేళ్లు ముడిచే దాకా అక్క ఆపకూడదు.

ఉచ్చారణ గురించి కూడా చెబుతాను. టీవీలో దొరల మాదిరి మాట్లాడితేనే మార్కులు అని మనం అనుకుంటాం. అది నిజం కాదు. వినేవాళ్లకు తేలికగా అర్థం కావాలి, అంతే. మనం ప్రతి మాట చివర ఉకారం పెడతాం. బుక్కు, పెన్ను, బస్సు అంటాం. తెలుగులో అది సరే. ఇంగ్లీషులో బుక్, పెన్, బస్ అని ఆపేయాలి. అట్లాగే జరిగిపోయినది చెప్పేటప్పుడు చివర వచ్చే చిన్న శబ్దాన్ని మింగేస్తాం. "వాక్ట్" అనాల్సింది "వాక్" అంటాం. అక్క ఈ రెండూ పట్టుకొని రోజూ పది మాటలు గట్టిగా చదివేది. మా కోళ్లు కూడా నేర్చుకుని ఉంటాయి.

ప్రశ్న అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి" అని మర్యాదగా ఇంగ్లీషులో అడగడం తప్పు కాదట. బెదిరిపోయి ఏదో ఒకటి చెప్పడం కంటే అడగడమే మంచిది. క్లాసులో కూడా మనం ఇది గుర్తు పెట్టుకోవాలి.

రాసే పరీక్ష

దీనికి గంట టైము. రెండు పనులు ఇస్తారు. అక్క రాసే పరీక్షలో మొదటిది ఒక బొమ్మో పట్టికో ఇచ్చి దాని గురించి కనీసం 150 మాటలు రాయమంటారు. రెండోది ఒక విషయం ఇచ్చి కనీసం 250 మాటల వ్యాసం. రెండో దానికి మొదటి దాని కంటే రెట్టింపు విలువ. అందుకే మొదటి దానికి 20 నిమిషాలు, రెండో దానికి 40 నిమిషాలు పెట్టుకోమంటారు.

మొదటి పనికి బొమ్మలు నేను గీసి ఇచ్చేదాన్ని. అమ్మ ఏ రోజు ఎన్ని తునికాకు కట్టలు కట్టిందో నేను నోటుబుక్కులో రాస్తాను కదా, ఆ లెక్కతో నిలువు గీతల బొమ్మ గీశాను. అక్క ముందు అన్ని రోజుల లెక్కా వరుసగా రాసింది. తర్వాత మన ఇంగ్లీషు టీచర్ గారికి ఫోన్‌లో ఫోటో పంపింది. ఆయన అక్కకు కూడా టీచరే. "ఇది కిరాణా కొట్టు చిట్టాలా ఉందమ్మా. ముందు మొత్తం మీద ఏం జరిగిందో ఒక మాటలో చెప్పు. తర్వాత అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ, ఎక్కడ మారింది, అవి చెప్పు" అన్నారు. మళ్లీ రాసింది. మొదటి వారం కట్టలు పెరుగుతూ వచ్చాయి, వాన పడిన రోజు బాగా తగ్గాయి, చివరికి ఆకు ముదిరి తగ్గిపోయాయి అని. చదివితే అమ్మ పడిన కష్టం మొత్తం ఆ నాలుగు లైన్లలో కనిపించింది నాకు.

రెండో పనిలో అక్కకు మార్కులు ఎందుకు పోయాయో టీచర్ గారే పట్టుకున్నారు. "రెండు వైపుల వాదన చెప్పి నీ అభిప్రాయం రాయి" అని ప్రశ్న ఉంటే అక్క రెండు వైపులా రాసి ఆపేసేది. అందులో ఉన్నవి మూడు పనులు. అక్క చేసింది రెండు. ఇంగ్లీషు ఎంత బాగున్నా అడిగింది రాయకపోతే మార్కు తగ్గుతుంది. అప్పటినుంచి ప్రశ్న చదవగానే అందులో ఎన్ని పనులు ఉన్నాయో అక్క అంకెలు వేసుకునేది. ఐదు నిమిషాలు ఏం రాయాలో అనుకునేది. ఆ తర్వాతే మొదలుపెట్టేది. ఒక పేరాలో ఒక్క సంగతే. సంగతి మారితే పేరా మారాలి.

వ్యాసాన్ని నాలుగు విధాల చూస్తారని కూడా అప్పుడే తెలిసింది. అడిగింది రాశావా, వరుసగా రాశావా, సరైన మాటలు వాడావా, వ్యాకరణం సరిగ్గా ఉందా. నాలుగింటికీ సమానమైన విలువ. మనం ఇంగ్లీషు అంటే వ్యాకరణం ఒక్కటే అనుకుంటాం. అది నాలుగో వంతే.

మాటల గురించి ఒక ముచ్చట. కోచింగ్ వాళ్లు పెద్ద పెద్ద మాటల లిస్టు ఇచ్చారు. అక్క వాటిని ఎక్కడ పడితే అక్కడ పెట్టేది. టీచర్ గారు వాటన్నిటికీ ఎర్ర గీతలు పెట్టారు. ఇంగ్లీషులో మాటలు జోడీగా తిరుగుతాయట. మనం అన్నం తింటాం అంటాం, నీళ్లు తాగుతాం అంటాం. నీళ్లు తింటాం అనం. అట్లాగే వాళ్లు "డూ హోంవర్క్" అంటారు, "మేక్ ఎ మిస్టేక్" అంటారు. అటుది ఇటు పెడితే వినడానికి బాగుండదు. కాబట్టి ఒంటి మాట నేర్చుకోకుండా జోడీని నేర్చుకోవాలి. కొత్త మాటతో మన సొంత వాక్యాలు మూడు రాయకుండా ఆ మాటను పరీక్షలో వాడకూడదు. ఇది అక్క పెట్టుకున్న రెండో నియమం.

అక్క దగ్గర ఒక తప్పుల పుస్తకం ఉండేది. టీచర్ గారు దిద్దిన ప్రతి తప్పూ అందులో ఎక్కించేది. పదిహేను రోజులకు చూస్తే తప్పులు వందల రకాలు లేవు. మూడు రకాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. "షి గోస్" అనాల్సిన చోట "షి గో" అనడం. నిన్నటి సంగతిని ఇవాళ జరిగినట్టు రాయడం. "ఎ", "ది" వదిలేయడం. మన భాషల్లో ఆ "ఎ", "ది" లేవు కాబట్టి మనకు గుర్తు రావు. అందుకని చివర నాలుగు నిమిషాలు ఉంచుకొని మూడుసార్లు చదివేది. ఒకసారి మొదటి రకం తప్పు కోసమే. ఇంకోసారి రెండో రకం కోసం. మూడోసారి "ఎ", "ది" కోసం. అన్నీ ఒకేసారి వెతికితే ఒక్కటీ దొరకదని అక్క అన్నది. నేను తెలుగు వ్యాసం రాసినప్పుడు కూడా ఇట్లాగే ఒత్తుల కోసం ఒకసారి, దీర్ఘాల కోసం ఒకసారి చదువుతున్నాను. బాగా దొరుకుతున్నాయి.

అక్క పరీక్ష కంప్యూటర్ మీద. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. జూన్‌లో అక్క రోజూ భద్రాచలంలో ఒక నెట్ సెంటరులో గంట సేపు టైపింగ్ చేసింది. ఎన్ని మాటలు రాశామో అందులో కిందనే కనిపిస్తుందట.

నాకు అర్థమైన సంగతి

మనం ఇక్కడికి ఐదో తరగతిలో వచ్చినప్పుడు మనకు తెలుగు ఎంత వచ్చు? మా ఇంట్లో మాట్లాడేది కోయ. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. కోయలో లోను అంటే ఇల్లు. తెలుగులో లోన అంటే లోపల. మాటలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అర్థం మాత్రం వేరు. కొలాం పిల్లలకు, లంబాడా పిల్లలకు వాళ్ల కష్టం వాళ్లకు ఉండింది. అయినా ఏడాది తిరిగేసరికి అందరం తెలుగులో పోట్లాడుకున్నాం. ఎవరు నేర్పారు? మెస్ దగ్గర లైనులో, కుళాయి దగ్గర, ఆటల్లో మాట్లాడి నేర్చుకున్నాం. తప్పు మాట్లాడితే నవ్వారు. మనమూ నవ్వాం. మళ్లీ మాట్లాడాం.

ఇంగ్లీషుకు మాత్రం మనం ఆ అవకాశం ఇవ్వలేదు. దాన్ని పుస్తకంలో పెట్టి పూజ చేస్తున్నాం. అక్క ఇదే అన్నది. "మనం ఇప్పటికే ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష నేర్చుకున్నవాళ్లం. ఒకే భాష తెలిసిన వాళ్లకంటే మనకు మూడోది నేర్చుకోవడం అలవాటైన పనే. నోరు వాడాలి అంతే." నాకు ఈ మాట చాలా నచ్చింది. ఇంటి భాష వల్ల మనం వెనకబడ్డామని కొందరు అంటారు. అక్క మాట వింటే అట్లా అనిపించలేదు.

అక్క జూలైలో రెండోసారి రాసింది. అప్పటికి మన స్కూలు తెరిచారు. తల్లిదండ్రులు కలిసే ఆదివారం నాడు అమ్మ వచ్చి ఫోన్ ఇస్తే అక్కతో మాట్లాడాను. ఈసారి వచ్చిన కార్డు మేం అనుకున్న పదింటిలో లేదు. ఎవరికైనా సాయం చేసిన సందర్భం చెప్పమన్నారట. అక్క ఆసుపత్రిలో పని చేసినప్పుడు కోయ తప్ప ఇంకేమీ రాని ఒక ముసలమ్మ వచ్చింది. డాక్టర్ గారు అడిగింది ఆమెకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది డాక్టర్ గారికి అర్థం కాలేదు. అక్క మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. నొప్పి ఎక్కడో, ఎన్నాళ్ల నుంచో అప్పుడు తెలిసింది. ఆ సంగతే చెప్పిందట. ముందు ఎప్పుడూ చెప్పి చూడలేదు. అయినా ఆగలేదు. "పళ్లెంలో గింజ పడ్డ చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది" అని నవ్వింది.

కొద్ది రోజులకు ఫలితం వచ్చింది. వినడం 7, చదవడం 6.5, రాయడం 6, మాట్లాడటం 6.5. మొత్తం 6.5. రాయడంలో 6 అంటే సరిగ్గా గీత మీద నిలబడింది. ఒక్క మెట్టు తగ్గినా పోయేది. ఆ స్కోరు రెండేళ్లు పనికొస్తుంది. అక్క యూనివర్సిటీకి, విద్యానిధికి దరఖాస్తులు పెట్టింది. ఇంకా కబురు రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ పెద్దనాన్న ఇప్పుడు సంబంధం మాట ఎత్తడం లేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "మా పిల్లకు ఆరున్నర వచ్చింది" అంటాడు. ఆరున్నర అంటే ఏందో ఆయనకు పూర్తిగా తెలియదు. ఎన్ని మేకలో తెలుసు.

చెల్లెళ్లారా, మనం ఇప్పుడే ఐల్ట్స్ రాయబోవడం లేదు. మనకు ఉన్నది మన పరీక్షలు. వచ్చే ఏడాది మా తరగతికి పదో తరగతి పరీక్ష. అందులోనూ సొంతంగా రాయాల్సిన ఉత్తరాలు, సంభాషణలు ఉంటాయి. ఆ తర్వాత కాలేజీలు, ఇంటర్వ్యూలు. అప్పుడు ఫీజు కట్టి, మేకలు అమ్మి నేర్చుకునేదాన్ని ఇప్పుడు ఊరికే నేర్చుకోవచ్చు.

అందుకని నేనూ, మా గదిలో ఇంకో ముగ్గురమూ ఒక పని మొదలుపెడుతున్నాం. సోమవారం నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక, స్టడీ అవర్ బెల్లు కొట్టేలోపల, డైనింగ్ హాలు వరండాలో కూచుంటాం. ఒక్కొక్కరు రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. తన ఊరు, తన ఇల్లు, తను చూసినది మాత్రమే చెప్పాలి. చూడనిది చెప్పకూడదు. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు గింజలు వేస్తారు. ఎవరి గింజల లెక్క వాళ్ల నోటుబుక్కులోనే రాసుకోవాలి. పక్కవాళ్లతో పోల్చుకోవద్దు. ఆదివారం నాడు పది లైన్లు రాసి టీచర్ గారికి చూపిద్దాం. ఆయన ఒప్పుకున్నారు.

ఐదో తరగతి చెల్లెళ్లు కూడా రావచ్చు. వాళ్లకు ఒక్క నిమిషం చాలు.

చింతగింజలు మా ఊరి నుంచి ఒక సంచి నిండా తెచ్చాను. పళ్లెం మెస్‌లో అడిగాను, ఇస్తామన్నారు. రావాలనుకున్న వాళ్లు ఈ కాగితం కింద ఉన్న ఖాళీలో మీ పేరు, తరగతి రాయండి. మొదటి పేరు నేనే రాశాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని